పెరటి చెట్టు

కార్డిఫ్‌లో వాన ఆగి అరగంటయిందట.
పిల్లల ఆసుపత్రి కింది అంతస్తులో
కిటికీ లేని గదిలో
నేను మాత్రలు నూరుతున్నాను.

తలుపు మీద ఎర్రక్షరాల హెచ్చరిక,
చేతులకి నీలం తొడుగులు.
లోపల జరిగేది మాత్రం వంటింటి పనే:
గట్టిదాన్ని మెత్తగా చేయడం,
చేదుని గొంతు దాటించడం.

నులిపురుగుల మాత్ర ఇది.
పార్వతీపురం మునిసిపల్ బడిలో
మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టి
రత్నమాంబ టీచరు
ఒక్కో నాలుక మీదా ఒక్కోటి పెట్టింది.
సుద్దముక్క రుచి.
మింగి, నోరు తెరిచి చూపించాలి.
కామరాజుగాడు దవడలో దాచుకుని
గోడవతలికి ఉమ్మేశాడు.

అదే మాత్ర
ఇవాళ ఆరేళ్ళ మోర్వెన్ తలలోకి
దారి వెతుక్కోవాలి.

మెడ మొదట్లో,
ఊపిరి తీయడమనే పని
ఎవరూ నేర్పకుండానే జరిగిపోయే చోట
పెరుగుతోంది అది.
గడ్డలాగా కాదు, పాలల్లో నీళ్ళలాగా.
ఏది పిల్లో ఏది జబ్బో
విడదీయడానికి
ఏ సర్జను చేతిలోనూ హంస ముక్కు లేదు.

నెత్తురు నుంచి మెదడుకి పోయే గుమ్మం దగ్గర
కాపలా చాలా గట్టిది.
కోట్లు పోసి తయారుచేసిన మందులెన్నో
గుమ్మం బయటే నిలబడి వెనక్కొచ్చాయి.
ఈ పాతది, చవకది, ఎవరూ తలెత్తి చూడనిది
పాచిపని మనిషిలా
పెరటి తలుపు గుండా వెళ్ళిపోతుందేమోనని
డాక్టర్ గ్వెన్‌లియన్ ఆశ.
ఆశ అనే మాట ఆవిడ వాడదు.
"అడిగి చూద్దాం" అంటుంది,
మందు కూడా ఒక మనిషైనట్టు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు మనవాళ్ళు.
పనికిరాక కాదు,
పెరట్లోదని ఎవరూ అడగలేదు.
హక్కుల గడువు తీరిన మందు,
అమ్మితే ఎవరికీ ఏమీ మిగలదు.
మిగలనిదాన్ని పరీక్షించడానికి
ఎవరి జేబు తెరుచుకుంటుంది?
ఈ పరీక్షకి డబ్బు
చర్చి హాల్లో కేకులమ్మిన వాళ్ళిచ్చారు.
జనవరి గాలిలో బ్యారీ దాకా
పరిగెత్తినవాళ్ళిచ్చారు.
కొడుకుని పోగొట్టుకున్న బస్సు డ్రైవరొకాయన
నెలనెలా ఇరవై పౌండ్లు
ఇప్పటికీ పంపుతున్నాడు.

నిన్న వాళ్ళమ్మ కారిస్ నా కౌంటరు దగ్గరికొచ్చింది.
కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది.
"మా వీధి చివరి షాపులో దొరుకుతుందిది.
నేనే కొని పోయొచ్చుగా?
ఇంత కాగితం ఎందుకు?"

కొనొచ్చు.
కానీ ఎంత? ఎన్నాళ్ళు?
కాలేయం ఏమంటుంది?
మూర్ఛ మందుతో దెబ్బలాడుతుందా?
మాకూ తెలియదు, తెలుసుకోవడానికే ఈ సీసా అన్నాను.

"తెలియనిదానికా నా పిల్ల?"

నా దగ్గర జవాబు లేదు.
మూతలు బిగించి ఉన్న సీసాల మూతలే
మళ్ళీ బిగించాను.
ఆమె అక్కడే కాసేపు నిలబడి,
కమలాపండు రుచయితే తాగదు, బ్లాక్‌కరంట్ వెయ్యమని చెప్పి
గుండీలు సరిచేసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఇవాళ బ్లాక్‌కరంట్ వేశాను.
లేబుల్ అంటించాను:
వాడేముందు బాగా కుదపాలి.
తెరిచాక ఇరవై ఎనిమిది రోజులు.
సీసాకి మాత్రమే వర్తించే అంకె అది.
అయినా కాసేపు
దానివైపు చూడలేకపోయాను.

పైకి నేనే తీసుకెళ్ళాను. నా పని కాదది.
మోర్వెన్‌కి ఎడమ కన్ను లోపలికి తిరిగిపోతోంది,
అందుకని నన్ను చూడాలంటే
తల కోడిపిల్లలా పక్కకి వాల్చింది.
నర్సు ఊదారంగు సిరంజి నొక్కింది.
పిల్ల మొహం చిట్లించింది, మింగింది.

"ఏదీ, నోరు తెరువు" అన్నాను,
రత్నమాంబ టీచరు గొంతుతో,
తెలుగులో.

ఎలా అర్థమయిందో, తెరిచింది.
ఊదారంగు నాలుక. దవడలో ఏమీ దాచలేదు.
ముందుపన్ను ఊడిన చోట
కొత్తది, బియ్యపు నూకంత,
చిగురు చీల్చుకుని వస్తోంది.

నా ఫారంలో
మోతాదుకి గడి ఉంది, వేళకి గడి ఉంది,
వాంతికి గడి ఉంది.
పన్నుకి లేదు.
అంచు ఖాళీలో పెన్సిలుతో రాశాను.